పిచ్చర్ పైడిరాజు మోచేయి

2023లో వానలు మొదలైన రోజుల మాట. బిలాస్‌పూర్ కుదుదండ్‌లో మా ఇంటి కింది వాటాలోనే నా ఫిజియోథెరపీ క్లినిక్ నడుస్తోంది, ఇప్పటికీ అక్కడే ఉంది. రెండు బల్లలు, గోడకు బిగించిన పుల్లీ, ఒక అల్ట్రాసౌండ్ మెషిన్, కర్టెన్ వెనక నా కుర్చీ. రైల్వే ఊరు కదా, నడుం పట్టేసిన షెడ్ కార్మికులు, మోకాళ్లు అరిగిన రిటైర్డ్ గార్డులు ఎక్కువగా వస్తారు. ఆటగాళ్లూ వస్తారు. మా ఊళ్లో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ పట్టుబట్టి ఆడే పిల్లలున్నారు. చీలమండ బెణికితే కట్టు వేయించుకుని కుంటుకుంటూ వెళ్లిపోతారు. జీతం తీసుకుని బేస్‌బాల్ ఆడే మనిషి నా బల్ల మీద కూర్చోవడం మాత్రం అదే మొదలు.

అతని పేరు పైడిరాజు. ఇరవై నాలుగేళ్లుంటాయి. తాతల కాలంలో విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. తండ్రి సూర్యనారాయణగారు రైలింజన్ నడిపే లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యారు. మోకాలి నొప్పికి నా దగ్గర చాలాకాలం వైద్యం చేయించుకున్నారు, నేను బాబాయ్ అని పిలుస్తాను. ఆ రోజు స్కూటర్ మీద కొడుకును వెనక కూర్చోబెట్టుకుని ఆయనే తీసుకొచ్చారు.

"ఈడి సెయ్యి సూడమ్మా. లీగు మజ్జిలోనే ఇంటికి పంపించీసినారు. సెయ్యి బాగైపోతే మల్లీ పిలుస్తారంట. నువ్వే సరిసెయ్యాల."

పైడిరాజు తల వంచుకుని గోడకున్న పుల్లీ వైపు చూస్తున్నాడు. నేనడిగిన ప్రతిదానికీ తండ్రే జవాబు చెప్పారు. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎక్కడ లాగుతోంది, నిద్ర పడుతోందా, అన్నీ. కొడుకు "హా" అన్నాడు, అంతే.

అతను పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. క్రికెట్ బౌలర్‌లా పరిగెత్తుకుంటూ రాడు. మట్టిదిబ్బ మీద నిలబడి, మోచెయ్యి మడిచి, ఒంట్లో ఉన్న బలమంతా ఆ చేతిలోకి తెచ్చి విసురుతాడు. బ్యాటు పట్టుకున్నవాడి వెనక గొంతుక్కూర్చుని ఆ బంతి అందుకునేవాడు క్యాచర్. పిచ్చర్లకు మోచేతి లోపలివైపు ఉండే అల్నార్ లిగమెంట్ తరచూ దెబ్బతింటుంది. రెండెముకల్ని కలిపి కట్టి ఉంచే పట్టీ అది. తెగితే ఆపరేషనే. పైడిరాజు ఎమ్మారై చూశాను. అదృష్టం, తెగలేదు. కొంచెం సాగింది. దాని పక్కన వేళ్లను ముడిచే కండరాలు, మేం ఫ్లెక్సర్స్ అంటాం, అవి మాత్రం విపరీతంగా అలిసిపోయి వాచి ఉన్నాయి.

నాకు అంతుపట్టంది అదే. మామూలుగా ఎక్కువ బంతులు విసిరినవాళ్లకు ఇలా అవుతుంది. ఇతను విసిరింది తక్కువేనని తండ్రే చెప్పారు. అలాంటప్పుడు ఆ కండరాలు అంతగా దేనికి అలిసిపోవాలి?

కొన్నాళ్లు బంతి ముట్టుకోవద్దన్నాను. అల్ట్రాసౌండ్, ఐస్, నెమ్మదైన వ్యాయామాలు మొదలుపెట్టాం. నొప్పి తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. ఒకరోజు అతను ఒక్కడే వచ్చాడు. తండ్రి బ్యాంకు పని మీద వెళ్లారట. బయట వాన. నా దగ్గరున్న బేస్‌బాల్ ఒకటి అతని చేతికిచ్చి, ఎలా పట్టుకుంటావో చూపించమన్నాను. పట్టుకున్నాడు. గోళ్లు తెల్లబడ్డాయి, ముంజేతిలో నరాలు తేలాయి. బంతిని పట్టుకున్నట్టు లేదు, పిండుతున్నట్టుంది.

"ఎప్పుడూ ఇలాగే పట్టుకుంటావా?"

"ఇప్పుడిలాగే మేడమ్."

"మరి ముందు?"

బంతిని బల్ల మీద పెట్టేశాడు.

"చూడు రాజూ, ఏదో మారింది. అదేమిటో తెలియకుండా నేను నీ చేతికి వైద్యం చెయ్యలేను. నువ్వు చెప్పింది ఈ గది దాటి పోదు."

"నాన్నకి చెప్పరు కదా?"

"చెప్పను."

అప్పుడు చెప్పాడు. చెమట ఆరడానికి పిచ్చర్లకు గుగ్గిలం లాంటి పొడి సంచి ఇస్తారు, అది వాడొచ్చు. దాన్ని వేరే జిగురు పదార్థంతో కలిపి వేళ్లకు పూసుకుంటే బంతి వేళ్లకు అంటుకుని, వదిలేటప్పుడు మామూలుకంటే ఎక్కువ తిరుగుతుంది. బ్యాటు దగ్గరికి వచ్చేసరికి అనుకోని వైపు మళ్లుతుంది. అది ఆటలో నిషేధం. జట్టులో చేరిన కొత్తలో ఇంకో ఆటగాడు నేర్పాడట. జిగురుతో మొదటి మ్యాచ్ ఆడిన రోజే జనం లేచి చప్పట్లు కొట్టారట.

"మత్లబ్... అంపైర్లు చేతులు చెక్ చెయ్యడం మొదలెట్టాక మానీసినాను మేడమ్. మానేస్తే బంతి జారిపోయేది. జారకుండా గట్టిగా పట్టుకునేవాణ్ని. ఇంకా గట్టిగా. బస్, అప్పుడే నొప్పి మొదలైంది."

"తర్వాత?"

"నొప్పొస్తోందని చెప్తే కూర్చోబెట్టేస్తారు కదా. మళ్లీ జిగురే వాడాను. ఈసారి నా చేతికి కాదు, నరేంద్ర కాలికి."

నరేంద్ర సాహు అతని క్యాచర్. ఊరి శివారు సిర్గిట్టి కుర్రాడు, పైడిరాజు కంటే చిన్న. ఇద్దరూ రైల్వే మైదానంలోనే ఆట నేర్చుకున్నారు. ఒకే జట్టులోకి తీసుకున్నారని రెండిళ్లలోనూ మిఠాయిలు పంచారట. క్యాచర్ కాళ్లకు కట్టుకునే ప్యాడ్ మీద జిగురు రాసిపెట్టి, బంతిని దానికి తాకించి తిరిగి ఇవ్వమని పైడిరాజు అడిగాడు. నరేంద్ర వద్దన్నాడు. "భయ్యా మాట కాదంటావా" అన్నాడు ఇతను. కాదనలేకపోయాడు. అంపైర్ బంతి ముట్టుకుని చూసి, ప్యాడ్ ముట్టుకుని చూసి, ఇద్దర్నీ మైదానంలోంచి బయటికి పంపేశాడు. గెలుస్తున్న మ్యాచ్ ఓడినట్టు ప్రకటించారు. ఇద్దరి మీదా మిగిలిన సీజన్ మొత్తం, దాని తర్వాతి సీజన్ కూడా నిషేధం పడింది.

"నరేంద్ర ఇప్పుడేం చేస్తున్నాడు?"

"సిర్గిట్టిలో ఏదో గోడౌన్‌లో లోడింగ్ పని అంట. నాకు తెలీదు. నేను మాట్లాడలేదు." కళ్లు తుడుచుకున్నాడు. "మేడమ్, మీరు నాన్నకి ఒక్కమాట చెప్పండి. చెయ్యి ఇంక ఆటకి పనికిరాదని. మీ మాటంటే నమ్ముతాడు. అక్కడితో అయిపోద్ది."

ఆ కోరిక విని నేను కోప్పడలేదు. ఇరవై నాలుగేళ్లవాడు తన చెయ్యి పాడైపోయిందని చెప్పమని బతిమాలుతున్నాడంటే, మోచేతి కంటే పెద్ద నొప్పి ఇంకోటి మోస్తున్నాడని అర్థమైంది.

"నీ సంగతి నేను ఎవరికీ చెప్పను. అబద్ధమూ చెప్పను. నీ చెయ్యి బాగవుతుంది. నేను చెప్పగలిగిన నిజం అదొక్కటే."

అతను లేచి వెళ్లిపోయాడు. ఇక రాడేమో అనుకున్నాను.

మర్నాడు తండ్రి వచ్చారు, తన మోకాలికి. బల్ల ఎక్కి కూర్చుని, "ఆడు నా దగ్గిర ఏటో దాస్తన్నాడమ్మా" అన్నారు. "అన్నం సరిగ్గా తినట్లేదు. మైదానం ఏపే ఎల్లట్లేదు. నీకేటైనా సెప్పినాడా?"

"బాబాయ్, అది అతన్నే అడగండి. కోపంగా కాదు, ఊరికే అడగండి."

ఆయన నా మొహంలోకి చూసి, సరేనని తలూపారు.

రెండు రోజులకు ఇద్దరూ కలిసి వచ్చారు. వ్యాయామం అయ్యాక పైడిరాజు బల్ల దిగకుండా అక్కడే కూర్చున్నాడు. నా వైపు ఒకసారి చూసి, తండ్రి వైపు తిరిగాడు. నేను బయటికి వెళ్లబోతే, "ఉండండి మేడమ్" అన్నాడు. మొత్తం చెప్పాడు. నాకు చెప్పినదానికంటే సూటిగా చెప్పాడు. నేర్పిన ఆటగాడి ఊసు ఈసారి ఎత్తలేదు.

సూర్యనారాయణగారు అంతా విని నన్నడిగారు.

"ఆడి నొప్పి నిజమేనామ్మా, అదీ నాటకమేనా?"

"నొప్పి నిజమే బాబాయ్."

"అయితే ముందు అది తగ్గనీ." కొడుకు వైపు తిరిగారు. "ఆ సాహూ గుంటడి సంగతేటి?"

పైడిరాజు మళ్లీ పుల్లీ వైపు చూశాడు.

"ఒరే, ఎర్ర సిగ్నల్ దాటించీసినోడు ఇంజిన్లో ఒక్కడే ఉంటాడేటి? పక్కన అసిస్టెంటుంటాడు. ఆడి నౌకరీ కూడా పోద్ది. ఆడింట్లో పొయ్యి కూడా ఆరిపోద్ది. నువ్వు ఆడితో మాటాడకుండా ఇంట్లో తొంగున్నావా?"

ఆయన గొంతు పెంచలేదు. ఆ ఒక్క మాటకు పైడిరాజు వెక్కివెక్కి ఏడ్చాడు. తండ్రి లేచి, నొప్పిలేని చెయ్యి పట్టుకుని లేపి, "పద, సిర్గిట్టి ఎల్దాం" అన్నారు. వానలోనే స్కూటర్ మీద వెళ్లారు.

అక్కడేం జరిగిందో తర్వాత విన్నాను. నరేంద్ర తల్లి లోపలికి రమ్మనలేదట. గుమ్మం దగ్గరే నిలబడి, "మా వాడికి వద్దనడం రాదు, నీకు అది తెలుసు" అని మాత్రం అన్నదట. నరేంద్ర గోడౌన్ నుంచి వచ్చి, వీళ్లను చూసి, చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్లిపోయాడట. సూర్యనారాయణగారు ఆమెకు చేతులెత్తి దండం పెట్టి, "తప్పు మావోడిదేనమ్మా, ఈ మాట ఎవుళ్లడిగినా సెప్తాం" అన్నారట. అన్నట్టే పైడిరాజు లీగు అధికారులకు ఫోను చేసి, నరేంద్ర వద్దన్నాడని, బలవంతపెట్టింది తానేనని చెప్పాడు. వాళ్లు విచారించి నరేంద్ర నిషేధాన్ని తగ్గించారు. పైడిరాజుది తగ్గలేదు.

చెయ్యి నెమ్మదిగా కుదుటపడింది. పట్టు సడలించడం అన్నిటికన్నా కష్టమైంది. ఆఖరికి ఇంటర్వల్ త్రోయింగ్ దశకు వచ్చాం. అంటే దగ్గర దూరం నుంచి మెల్లగా విసరడం మొదలుపెట్టి, మధ్యమధ్య విశ్రాంతినిస్తూ, దూరమూ వేగమూ పెంచుకుంటూ పోవడం. దానికి ఎదురుగా బంతి పట్టేవాడు కావాలి. అతని చేతి తీరు తెలిసినవాడైతే మరీ మంచిది.

"ఎవరైనా ఉన్నారా?" అన్నాను.

"ఉన్నాడు గానీ రాడు."

వచ్చాడు. ఒక సాయంత్రం పొట్టిగా, గట్టిగా ఉన్న కుర్రాడు క్లినిక్ గుమ్మంలో చెప్పులు విప్పి నిలబడ్డాడు.

"నమస్తే దీదీ. నేను నరేంద్రని. ఈయన చెయ్యి బాగవుతుందా?"

బల్ల మీదున్న పైడిరాజు లేచి కూర్చున్నాడు. నరేంద్ర అతని వైపు చూడకుండానే హిందీలో అన్నాడు. "భయ్యా, నిషేధం పడ్డందుకు నాకు ఏడుపు రాలేదు. నువ్వు ఒక్కసారైనా ఫోన్ చేస్తావని చూశాను."

"నీకు మొహం చూపించలేకపోయాన్రా."

"ఫోన్లో మొహం ఎందుకు?"

ముందు నేను నవ్వాను. తర్వాత వాళ్లూ నవ్వారు.

పొద్దున్నే రైల్వే మైదానంలో మొదలుపెట్టారు. మొదటి వారాలు నేనూ వెళ్లి చూశాను. బంతి మునుపంత తిరగడం లేదు, వేగమూ లేదు. ఒకరోజు పైడిరాజు విసుగొచ్చి గ్లవ్ కింద పడేశాడు. "ఇది నా బంతి కాదు మేడమ్!"

నరేంద్ర అవతలి నుంచే అరిచాడు. "ఇదే నీ బంతి, భయ్యా! నువ్వు స్కూల్లో వేసింది ఇదే. నేను పట్టలేదా ఏంటి?"

పైడిరాజు గ్లవ్ తీసుకుని మళ్లీ దిబ్బ ఎక్కాడు. గోళ్లు తెల్లబడలేదు. అది చూసుకుని నేను క్లినిక్‌కి వచ్చేశాను. అంత హాయిగా పనిలోకి వచ్చిన రోజులు నాకు తక్కువే.

నరేంద్రను ముందుగా ఇంకో జట్టు పిలిచింది. పైడిరాజును నిషేధం తీరాక కూడా చాలాకాలం ఎవరూ పిలవలేదు. రెండు జట్లు పేరు వినగానే వద్దన్నాయి. చివరికి ఒక చిన్న జట్టు తీసుకుంది. మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్‌గా కాదు, తొమ్మిది ఇన్నింగ్స్‌లో చివరి ఒకటి రెండింటికి దింపుతారు. వేగం తగ్గించి, బ్యాటు పట్టినవాణ్ని తొందరపెట్టి బోల్తా కొట్టించే బంతులు నేర్చుకున్నాడు. మోచేయి బాగుంది. సెలవులకు వచ్చినప్పుడు క్లినిక్‌కి వచ్చి, అడక్కుండానే చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చుంటాడు.

పోయినసారి వచ్చినప్పుడు అడిగాను, ఆట ఎలా ఉందని.

"బాగుంది మేడమ్. అందర్నీ ఒకసారి చెక్ చేస్తే నన్ను మూడుసార్లు చేస్తారు. వేళ్లు కూడా వాసన చూస్తారు." నవ్వాడు. "చూసుకోనీ. ఉన్నదే కనబడుద్ది."

"బాధగా ఉండదా?"

"మొదట్లో ఉండేది. అచ్ఛా, నాన్న ఏటంటాడో తెలుసా? డ్యూటీ ఎక్కే ముందు తాగారేమో చూడ్డానికి లోకో పైలట్ల చేత రోజూ గొట్టంలో ఊదిస్తారు, తాగనోడి చేతా ఊదిస్తారు, ఊదీసి బండెక్కాలి అంటాడు."

ఈ కేసు తర్వాత నా పనిలో ఒక మార్పు చేసుకున్నాను. మొదటి పరీక్షప్పుడు వెంట వచ్చినవాళ్లను కాసేపు బయట కూర్చోమంటాను. ఆ మొదటిరోజు సూర్యనారాయణగారు ప్రేమతోనే అన్నిటికీ జవాబిచ్చారు. కొడుకు నోట్లో మాట మాత్రం అక్కడే ఉండిపోయింది. ఎక్కడ నొప్పి అనేది ఎవరి ముందైనా చెప్పగలం. ఎందుకొచ్చిందో అందరి ముందూ చెప్పలేం. అత్తల ముందు కోడళ్లు చెప్పలేరు, పిల్లల ముందు ముసలివాళ్లూ చెప్పలేరు.

కొందరికి కోపం వస్తుంది. మొన్న ఉస్లాపూర్ నుంచి భార్యను తీసుకొచ్చిన ఒకాయన, "నేను ఆవిడ మొగుణ్నండీ" అన్నాడు. "అందుకేనండీ, కొంచెంసేపే" అన్నాను. ఆయన గొణుక్కుంటూ బయటికి వెళ్లాడు. నేను కర్టెన్ లాగి, నా కుర్చీ ఆవిడకు దగ్గరగా జరుపుకున్నాను. చాలామంది ఆ కాసేపట్లో ఏమీ చెప్పరు. ఆవిడ చెప్పింది.