ఖాళీ భుజం

కైరోలో విమానం మారే వేటగాళ్లను ఈ ఎయిర్‌పోర్టులో పనిచేసే మేం భుజం చూసే పోల్చుకుంటాం. తుపాకి పెట్టెలో పడుకుని సామాన్లతో వెళ్లిపోయినా, బొటనవేలు మాత్రం లేని పట్టీని సవరిస్తూనే ఉంటుంది. లెబనాన్ కొండల నుంచి వచ్చిన ముసలి అబూ ఫారిస్‌ది మరీ విడ్డూరం. కూర్చున్నా కుడిభుజం ఎత్తే ఉంచుతాడు, టీ గ్లాసు ఎడమచేత్తోనే పట్టుకుంటాడు. కనబడ్డ ప్రతివాణ్ణీ ఒకటే అడుగుతాడు: "నేనిక్కడుంటే అదొక్కతే రెండో విమానం ఎలా ఎక్కుతుందయ్యా?" "ఎక్కించేవాళ్లున్నారు హాజీ, నువ్వు టీ తాగు" అంటే తలూపుతాడు, కాసేపటికి మళ్లీ అడుగుతాడు.

నిన్న పోలీసు గదిలోకి పిలిచి, మూడు పెట్టెలు తెరిచి, నీదేదో చూపించమన్నారు. ప్రయాణమని అల్లుడు తుపాకి చెక్కకి కొత్త వార్నిష్ కొట్టించాడు. ముప్పై ఏళ్లు మోసిన మనిషి బిక్కమొహం వేసుకుని, "నాది వీటిలో లేదు" అన్నాడు.

"సరిగ్గా చూడు హాజీ. కాదంటే మూడూ ఇక్కడే ఉండిపోతాయి" అన్నాడు అధికారి హిషామ్.

అబూ ఫారిస్ కళ్లు మూసుకున్నాడు. రెండింటిని తడిమి తల అడ్డంగా ఊపాడు. మూడోదాన్ని ఎత్తి భుజానికి ఆనించి, దానిమీద చెంప వాల్చాడు. "ఇదే నా తల్లి!" అంటూ కళ్లు తెరిచేసరికి గదిలో ఒక్క మనిషీ లేడు. తూటాలు వేరే పెట్టెలో ఉన్నాయని అందరికీ తెలుసు. అయినా హిషామ్ గొంతు బల్లకింద నుంచి వినబడింది: "నీదే, ఒప్పుకున్నాం! ముందు కిందికి దించు!"

"ఎవరూ?" అంటూ అబూ ఫారిస్ గొంతు వినబడ్డ వైపుకి తుపాకితో సహా తిరిగాడు.