ఆగి దండం పెట్టాలి

మా అక్క మొగుడు, అంటే మా బావ, చేపల వ్యాను తోలతాడు. ఒకప్పుడు అరసవల్లి మలుపు రాగానే బ్రేకు తొక్కేవాడు కాదు. స్టీరింగు వదిలేసి రెండు చేతులూ ఎత్తి గుళ్లో సూర్యుడికి దండం పెట్టేవాడు.

"ముందు ఆగు బావా, ఆగమని ఏసిన తెల్ల గీత కనపడతన్నాదా?" అని పక్క సీట్లోంచి నేనంటే,

"ఐదులో బడి మానేసినోడివి, నువ్వు నాకు గీతలు సెప్తావేటి?" అనేవాడు.

"గీత మీద రాయలేకే మానేసినాను బావా. అందుకే గీతంటే భయం."

ఆ పొద్దున అటు రోడ్డు మీంచి సాలూరు లారీ వచ్చి గీత దగ్గర ఆగింది. పెళ్లిచూపులకొచ్చిన పెళ్లికొడుకులా బుద్ధిగా ఆగింది. మేం ఆగలేదు. చేతుల్లేని స్టీరింగు తనకి నచ్చిన దారి పట్టింది. పోయి లారీ మూతికి గుద్దేశాం.

అద్దం నా మొహం మీదే పగిలింది. బావ మోచెయ్యి ఎండుకొమ్మలా విరిగి, ఎముక చొక్కా చింపుకుని బయటికొచ్చింది. రోడ్డంతా ఐసు, వంజరం చేపలు, మా నెత్తురు.

మావైపు ఎప్పుడూ పెద్దబండిదే తప్పు. ఎవడు ఆగాడు, ఎవడు ఆగలేదు అని అడిగే ఓపిక ఎవరికీ లేదు. జనం లారీ డ్రైవర్ని కాలరు పట్టి కిందికి ఈడ్చారు. ముసలాయన. ఒకడు చెంప పగలగొట్టాడు, ఇంకొకడు డొక్కలో తన్నాడు, మరొకడైతే మా వంజరంతోనే బాదాడు. "నాను ఆగినాను బాబూ, ఆగే ఉన్నాను" అంటూ పళ్లు ఉమ్మేస్తన్నాడాయన.

ఒకడు టైరు కింద పెట్టే చెక్కదిమ్మ ఎత్తాడు. అది ఆ తల మీద పడితే మనిషి మిగలడు. నేను ఆయన మీద బోర్లా పడ్డాను. దిమ్మ నా వీపు మీద దిగింది. ఊపిరి ఆగిపోయింది. రెండోసారి ఎత్తుతుంటే వ్యానులోంచి బావ అరిచాడు.

"ఒరే, ఆపండ్రా! ఆడు ఆగినాడు! ఆగనోణ్ణి నాను! కొడితే నన్ను కొట్టండ్రా!"

మావోళ్లు మాట కాదనరు. దిమ్మ కింద పడేసి, ఇద్దరెళ్లి బావని నాలుగు పీకి, తర్వాత వాళ్లే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. ముసలాయన్ని నా పక్కనే కూర్చోబెట్టారు. దారంతా ఆయన నా చెయ్యి వదల్లేదు.

బావ మోచెయ్యి వంకరగా అతుక్కుంది. ఇప్పుడు భుజం దాటి లేవదు. మలుపు దగ్గర గీతకి ముందే బండి ఆపి, రెండు పక్కలా చూసి, మంచి చేత్తో దండం పెడతాడు. వంకరచెయ్యి స్టీరింగు మీదే ఉంటాది. వెనకోళ్లు హారన్లు కొట్టి తిడతారు.

"కొట్టుకోనీరా," అంటాడు. "హారనే కదా."