అంగాళమ్మ పంటి తీర్పు

రాయకోట దుర్గాన్ని ఏ రాజు ఏ ఏట పట్టుకున్నాడు, ఏ దొర ఏ ఏట విడిచిపెట్టిపోయాడు అన్న సంగతులు రాసిపెట్టడానికి కావలసినంత మంది పుట్టారు. అదే దుర్గం నీడలో, సంతవీధిలో, ముప్పై ఎనిమిదేళ్ళుగా ఒక స్త్రీ చెనగ్గింజను కుడివైపు పళ్ళ మధ్య పెట్టి కొరుకుతూ వస్తున్న సంగతిని మాత్రం ఒక్కరూ రాయలేదు. దుర్గం పట్టుబడితే మారింది జెండా ఒక్కటే. ఆ గింజ కొరికితే, రైతు మూట దించాలా, వచ్చిన దారినే బండి తిప్పుకుని పోవాలా అన్నది తేలిపోయేది. చరిత్ర రాసేవారి చూపెప్పుడూ కొండ మీదనే ఉంటుంది. మెడ వంచే అలవాటు వారికి లేదు.

ఆ స్త్రీ పేరు అంగాళమ్మ. వయసు అరవై ఏడు. భర్త పోయినాక చెనక్కాయల మండిని, అంటే రైతుల దగ్గర వేరుశనగ కొనే అంగడిని, ఆమే నడుపుతోంది. ఆమె పద్ధతి ఇది. రైతు బండి మీదనే మూట మూతి విప్పుతాడు. పైన ఎవరైనా ఎండిన కాయలే పెడతారు కాబట్టి, అంగాళమ్మ చెయ్యి మోచేతి దాకా లోపలికి పోనిచ్చి అడుగునుంచి ఒక కాయ తీస్తుంది. ఒలిచి, గింజను పంటి కింద పెడుతుంది. టక్కున విరిగితే ఎండినట్టు. మెత్తగా దిగితే తడి ఉన్నట్టు, ఆ మూటకు వారం తిరిగేలోపు బూజు పట్టినట్టు. ఆపైన ఆమె అనేది ఒక్కటే మాట. "దించు" అనైనా, "పచ్చి" అనైనా. దానిమీద అప్పీలు లేదు. తమిళం మాట్లాడే రైతుకూ కన్నడం మాట్లాడే రైతుకూ కూడా ఆ రెండు తెలుగు మాటలూ ఏ అనువాదమూ లేకుండా అర్థమయ్యేవి.

ముప్పై రెండు మంది సభ్యులతో మొదలైన ఈ న్యాయస్థానం, నిరుటి కార్తీకానికి తొమ్మిది మందికి వచ్చింది. ఒకరు చెరకుగడ మీద పోయారు, ఒకరు వేయించిన బఠాణీ మీద పోయారు, తక్కినవారు ఏ కారణమూ చెప్పకుండా పదవి వదిలారు. అంగాళమ్మ దీన్ని గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. కోర్టులో ఖాళీల సంగతి కక్షిదారులతో చర్చించరు కదా.

ఆ కార్తీకంలోనే గోవిందప్ప వ్యవహారం వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఆ మండికే కాయలు తెచ్చే రైతు గోవిందప్ప. మొదటిసారి తెచ్చినాడు, "పచ్చి" అంది. రెండు దినాలు ఎండబెట్టి మళ్ళీ తెచ్చినాడు; మళ్ళీ "పచ్చి" అంది. మూడోసారి తెచ్చేటప్పటికి గింజల మీది పొట్టు తనంతట తనే రాలిపోతోంది.

"పచ్చి" అంది అంగాళమ్మ.

"అక్కా, ఇంగా ఎండబెడితే నూనె గాలికి పోతాది. ఇది పచ్చి అయితే నేను పాలు తాగే బిడ్డను."

"నా పన్ను అబద్ధం చెప్తాదా గోవిందప్పా?"

"నీ పన్ను నీతో ఏమి చెప్పిందో నాకెట్ల తెలుస్తాది? నేనూ ఒకటి కొరుకుతా. సుమ్నే ఉండి విను."

కొరికాడు. ఆ చప్పుడు ఎదురుగా ఉన్న టీ అంగడి దాకా వినిపించింది. అంగాళమ్మ నోట్లో వేలు పెట్టి తన పంటిని తాకి చూసుకుంది. అది ఊగింది. మూడుసార్లూ మెత్తగా దిగింది గింజ కాదు, పన్ను.

"తప్పు నాది. దించప్పా" అంది.

ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ వీధి ఆ మాట వినడం అదే మొదలు. పొద్దు గూకేలోపల రాయకోట అంతా పాకింది. మండికి నష్టం వస్తే మరుసటి పంటకు పూడ్చుకోవచ్చు. మండి మాటకు నష్టం వస్తే మూట విప్పేవాడే ఉండడు. ఇది అంగాళమ్మకు ఎవరూ చెప్పనక్కరలేదు.

కూతురు ఆశ హోసూరులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పని చేస్తుంది. సంగతి తెలిసిన వారానికి తల్లిని పళ్ళ డాక్టరు దగ్గర కూర్చోబెట్టింది. డాక్టరు లోహిత్‌ది గుంటూరు వైపు. హోసూరుకు వచ్చి ఆరేళ్ళయినా మాట చివరి 'అండీ' మాత్రం అరగలేదు. ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి, ఓర్పుగా చెప్పాడు.

"అమ్మగారూ, ఈ తొమ్మిదీ తీసేద్దామండీ. పైనా కిందా దవడ ఎముకలో స్క్రూలు బిగించి, వాటి మీద మొత్తం వరస శాశ్వతంగా కూర్చోబెడతాం. ఎముక బాగుంది, షుగరు లేదు. కొన్ని నెలల్లో మీరు చెరకు కూడా తినొచ్చు."

"చెరుకు ఎవురికి కావాలప్పా? ఆ పండ్లకు తెలుస్తాదా?"

"ఏం తెలియాలండీ?"

"గింజ పచ్చిదో, ఎండిందో."

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. ఖర్చెంత అని అడిగినవారున్నారు, నొప్పెంత అని అడిగినవారున్నారు. ఈ ప్రశ్న చదువులో లేదు. అయినా నిజమే చెప్పాడు.

"సొంత పంటి వేరు చుట్టూ సన్నటి పొర ఉంటుందండీ. ఎంత గట్టిగా కొరుకుతున్నామో అదే చెబుతుంది. స్క్రూకి ఆ పొర ఉండదు, నేరుగా ఎముకకే అతుక్కుంటుంది. కొద్దిగా తెలుస్తుంది గానీ, అంత సన్నంగా తెలియదండీ."

"అట్లయితే అది పన్ను కాదప్పా. కటింగ్ ప్లేయరు."

"అమ్మా!" అంది ఆశ.

"సుమ్నే ఉండు ఆశా. నోరు నాది."

డాక్టరు తన పనితనం మీద నమ్మకంతో, బయట కూర్చున్న నాగేశప్పను సాక్షిగా పిలిచాడు. నాగేశప్పది గురుబరపల్లి. బస్సు డ్రైవరుగా రిటైరైనవాడు. రెండేళ్ళ కిందట ఈ డాక్టరే ఆయనకు నోరంతా స్క్రూ పళ్ళు కట్టాడు. వచ్చీ రాగానే, అడగకుండానే, పళ్ళన్నీ చూపించాడు.

"చూడమ్మా. మురుకులు, కోడి ఎముకలు, ఏదైనా సరే. కడాకు మా ఇంటామె చేసే రాళ్ళలాంటి నిప్పట్లు కూడా!"

అంగాళమ్మ చీరకొంగున ఉన్న రెండు ముడులు విప్పింది. ఒకదానిలో ముందునాడు పీకిన చెనక్కాయలు, ఇంకొకదానిలో గలగలమని ఎండినవి. ఆమె వైద్యానికి రాలేదు, విచారణకు వచ్చింది.

"కండ్లు మూసుకోప్పా. నమలొద్దు, నాలికకు తగలనీయొద్దు. ఒక్క కొరుకుడే."

నాగేశప్ప రెండు గింజలూ ఒకదాని తరవాత ఒకటి కొరికి, గర్వంగా కళ్ళు తెరిచాడు. "రెండూ బాగుండాయి."

"బాగుండేది అడగలా. ఏది పచ్చి?"

"రెండూ తుంచేసినా కదమ్మా!"

"తుంచేది రోకలి కూడా చేస్తాది. ఏది పచ్చి?"

నాగేశప్ప ఎండినదాన్ని చూపించాడు. ఏళ్ళ తరబడి బస్సు ఇంజను పక్కన కూర్చున్న చెవి కూడా ఆయనకు సాయం రాలేదు.

"నీకు మంచిదే అప్పా ఇది" అంది అంగాళమ్మ, నిజంగానే. "నీకు నిప్పట్లు ఉండాయి. నాకు మండి ఉండాది."

నాగేశప్ప ఏమీ నొచ్చుకోకుండా రెండో గింజను నమిలి మింగి బయటికి పోయాడు. అప్పుడు ఆశ మాట్లాడింది.

"రెండేండ్లుగా నువ్వు అన్నీ పిసుక్కుని తింటాండావు. నేను చూడలేదనుకున్నావా? మండి నిండా చెనక్కాయలు పెట్టుకుని, ఒక పిడికెడు నమిలి ఎన్ని దినాలయింది నువ్వు?"

అంగాళమ్మ ఎక్స్‌రే వైపు చూసింది.

"సంగటికి పండ్లెందుకే? మింగేదే కదా."

"నవ్వితే ఎట్ల కనపడతావో తెలుసా?"

"నవ్వేదానికా మండి పెట్టినాను?" అని, డాక్టరు వైపు తిరిగింది. "ఆ బొమ్మలో ఊగనివి ఏమన్నా ఉండాయాప్పా?"

"రెండున్నాయండీ. కుడివైపు పైనొకటి, కిందొకటి. మీరు కొరికేది వాటి వెనకదానితో, అది వదులైపోయింది. మొత్తం వరస పెట్టాలంటే ఈ రెండూ కూడా తీసేయాలి."

"ఆ రెండూ ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయా?"

"కూర్చుంటాయండీ."

"గింజకు ఇంగేమి కావాలప్పా?"

"రెండేళ్ళుంటాయో, ఐదేళ్ళుంటాయో చెప్పలేమండీ. అవీ ఊడాక ఎముక తగ్గిపోతే అప్పుడు స్క్రూలు బిగించడం కష్టమవుతుంది."

"నేను ఎన్నేండ్లు ఉంటానో అది కూడా పడిందా ఆ బొమ్మలో?"

డాక్టరు ఎక్స్‌రే దించేశాడు. ఏడు తీయాలని, రెండు ఉంచాలని, తినడానికి తీసిపెట్టుకునే సెట్టు ఒకటి కట్టాలని ఒప్పందం కుదిరింది. ఆశ మూడు దినాలు తల్లితో మాట్లాడలేదు. నాలుగో దినం మెత్తటి అన్నం ఎట్లా వండుకోవాలో ఫోన్లో గంటసేపు చెప్పింది.

అంగాళమ్మ ఆ ఎండాకాలం నుంచీ అభ్యాసం చేసింది. అందుకు గోవిందప్పనే పిలిపించింది. తప్పు ఎవరి ముందు జరిగిందో, పరీక్ష కూడా వారి ముందే జరగాలన్నది ఆమె న్యాయం. గోవిందప్ప కొన్ని గింజలను తడిగుడ్డలో చుట్టి ఉంచి, ఎండినవాటితో కలిపి, ఒక్కొక్కటే అందించేవాడు. ఆమె సెట్టు తీసి గ్లాసులో పెట్టి, కళ్ళు మూసుకుని కొరికేది. మొదట్లో పదింటికి నాలుగు తప్పులు. వైశాఖానికి రెండు. ఆషాఢంలో ఒకనాడు నలభై గింజలు కొరికితే ఒక్క తప్పు రాలేదు.

"అక్కా, నీకు ముప్పై రెండు పండ్లు దండగే, రెండు చాలు" అన్నాడు గోవిందప్ప.

"వీధిలో చెప్పు పో" అంది. చెప్పాడు. టీ అంగడిలో రెండుసార్లు చెప్పాడు. నవ్వినవారికి అంగాళమ్మ తానే నోరు తెరిచి చూపించింది. కావాలంటే గింజ తెచ్చుకోమంది. ఎవరూ తెచ్చుకోలేదు.

కార్తీకం వచ్చింది. మండి కడిగించి, కాటా తుడిపించి, వాకిట్లో కుర్చీ వేయించుకుని, పక్కన గ్లాసు పెట్టుకుని అంగాళమ్మ కూర్చుంది.

ఆ ఏడు శ్రావణంలోనూ భాద్రపదంలోనూ వాన పడలేదు. ఏటా వందల మూటలు దిగే మండికి వచ్చినవి పద్నాలుగు. అన్నీ ఎండినవే.