బాతుల నడుమ తెడ్డు చప్పుడు

చీకట్లోంచి జవాబు వచ్చింది. టక్... టక్. పుట్టి అంచు మీద తెడ్డుతో కొట్టిన చప్పుడు. నా చెవులతో విన్నాను. పేపర్లో పనిచేసినన్నాళ్లూ వినని మాట విన్నానని రాయలేదు. ఇప్పుడూ రాయను.

శివరాత్రి వెళ్లిన వారం అది. ఆత్మకూరు దగ్గర కృష్ణా నది వెనుక జలాల్లో వలస పక్షులను లెక్కపెడుతుంటే నేనూ వెళ్లాను. రెండు పుట్లు, అడుగున తారు పూసిన గుండ్రటి బుట్ట పడవలు. నేనెక్కిన పుట్టిని బాలమ్మ నడుపుతోంది. రెండోదాంట్లో ఆమె భర్త కుర్మయ్య, అటవీ శాఖ ఉద్యోగి ఒకాయన. కుర్మయ్య పుట్టికి పొద్దున్నే చిరుగు పడితే తారు పూశారు. అది ఆరిందో లేదో అన్నదే బాలమ్మ బెంగ.

"ఇయ్యాల ఆగమన్న సార్. ఇంటడా? మొండి మనిషి!" దారంతా తిడుతూనే ఉంది.

పొద్దు గూకింది. రెండో పుట్టి ఎక్కడా కనిపించలేదు. "కుర్మయ్యా" అని అరవబోయాను. బాలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నీళ్ల మీద చీకట్ల పేరు పెట్టి పిలువద్దు సార్. నేను తెడ్డుతోని మూడు కొడత, ఆయన రెండు కొడతడు. పెండ్లయినకాడికెల్లి గిదే."

మూడు కొట్టింది. నిశ్శబ్దం... తెడ్డు మీంచి చుక్కలు జారడం కూడా వినిపిస్తోంది. అప్పుడు... టక్. టక్.

"ఉన్నడు!" ఆమె పుట్టిని అటు తోసింది. మళ్లీ మూడు. మళ్లీ రెండు... ఈసారి దగ్గరగా.

టార్చి వేశాను. ఎదురుగా బాతులు. తల మీద నల్ల చారలుండే వలస బాతులు, నీళ్ల నిండా. పుట్టిని అల్లంత దూరాన చూసి లేచిపోయే పక్షులు. పగలంతా మమ్మల్ని దరిచేరనివ్వలేదు. ఇప్పుడు ఒక్కటీ కదల్లేదు. అన్నీ గుంపు నడిమికే తలలు తిప్పి ఉన్నాయి.

వాటి మధ్యలోంచి... టక్. టక్.

అక్కడ పుట్టి లేదు. మనిషి లేడు.

బాలమ్మ తెడ్డు ఒళ్లో పెట్టుకుంది. ఏనాడూ మొగుడి పేరు పలకని మనిషి, గొంతు చించుకుని అరిచింది. "ఓ కుర్మయ్యా!"

జవాబు మా వెనక నుంచి వచ్చింది. ఒడ్డు మీంచి. "ఓ... ఈడున్ననే! ఇటు రా!"

ఒడ్డున బోర్లించిన పుట్టి పక్కన కూర్చుని ఉన్నాడు. "తారు ఊడింది. పొద్దుండంగనే ఒడ్డెక్కినం."

"మరి తెడ్డు కొట్టినవు గద?"

"నేనెక్కడ కొట్టిన? నువ్వు కొట్టంగ ఇన్న. నీకు ఎవలో జవాబు కొట్టంగ గూడ ఇన్న. మనోళ్లే అనుకున్న."

పక్కనున్న ఉద్యోగి తలూపాడు. ఆయనా విన్నాడు. ఆ సాయంత్రం మా రెండు తప్ప ఇంకో పుట్టి నీళ్లలో దిగలేదని తర్వాత రేవంతా అడిగి తెలుసుకున్నాను.

తెల్లారి ఒడ్డు నుంచే చూశాం. బాతులు అక్కడే ఉన్నాయి. వాటి మధ్య గుండ్రంగా, ఒక పుట్టి పట్టేంత ఖాళీ. ఎండెక్కి అవి లేచిపోయేదాకా చూశాను. ఆ ఖాళీలోకి ఒక్క బాతూ రాలేదు.