పాత కార్డుకు దొరికిన పని

మా అమ్మ లాలాగూడ రైల్వే వర్క్‌షాపు స్టోర్సులో గుమాస్తాగా చేసి రిటైరైంది. అక్కడ ఏళ్ల తరబడి ఎవరూ అడగని సామానును కండెమ్ అని రాసి తుక్కులో వేస్తారు. మారేడ్‌పల్లి ఫ్లాటుకు మారాక ఆమె కన్ను నా డబ్బా మీద పడింది. కాలేజీ రోజుల నుంచి దాచుకున్న కంప్యూటర్ సామానంతా అందులోనే ఉంది. ఫ్యాన్లు, వైర్లు, మదర్‌బోర్డులు, నా మొదటి జీతంతో కొన్న గ్రాఫిక్స్ కార్డు.

"ఏందే ఈ డబ్బా? మంచం కింద ఊడ్వనిస్తలేదు. వాడకంల ఉన్న సామాను నేను ముట్ట. ఉత్తగ పడున్నదైతే ఆదివారం కబాడీవాలాకు ఇస్తా" అంది.

"ఇది ఉత్త సామాను కాదమ్మా. ఆదివారం నీ కళ్ల ముందే పనిచేయించి చూపెడ్తా. లేకుంటే నేనే మోసుకపోయి ఇస్తా" అన్నాను. నా సామాను పనికిరాదంటే నాకు ఒళ్లు మండుతుంది. పైగా ఆ ధీమా ఊరికే రాలేదు.

ఈమధ్యే కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. కొత్త ఆటలు దాని మీద పరుగెడుతున్నాయి. నాకు ప్రాణమైన పాత ఆట ఒకటి మాత్రం ఈడుస్తోంది. అందులో తుపాకీ పేలితే గదిలో కాగితాలు ఎగురుతాయి, పరదాలు ఊగుతాయి, పొగ కాళ్లకు చుట్టుకుంటుంది. ఏ కాగితం ఎటు పడాలో లెక్కగట్టే పనినే ఫిజిక్స్ అంటారు. ఆ పాతకాలపు లెక్క కొత్త కార్డుకు రాదు. డబ్బాలోని పాత కార్డుకు అది కొట్టిన పిండి. బొమ్మ గీయడం కొత్తదానికి, లెక్క పాతదానికి అప్పజెబితే సరిపోతుంది.

ఆదివారం టిఫిన్ కాగానే కంప్యూటర్ కేసు విప్పాను. పాత కార్డు దుమ్ము దులిపి రెండో స్లాటులో బిగించి, సెట్టింగుల్లో ఫిజిక్స్ పని దానికి ఇచ్చాను. అమ్మ ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినట్టు కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆట పెట్టి తుపాకీ పేల్చాను. ముందుకన్నా అధ్వాన్నంగా ఈడ్చింది.

"గిదేనా పనికొచ్చుడు?" అంది అమ్మ.

వీధి చివర పాత సామాను కొంటామంటూ కబాడీ బండి మైకు మొదలైంది. సెట్టింగులు మూడుసార్లు చూశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అమ్మే లేచి కేసు వెనక్కి వంగి చూసింది.

"జెర ఆగు. మానిటర్ వైరు పాతదానికి వెట్టినవ్ గదనే. కొత్తది ఉత్తగ కూసున్నది."

తల కొట్టుకున్నాను. తొందరలో బొమ్మ గీసే పని కూడా పాతదాని నెత్తినే వేశాను. వైరు మార్చి మళ్లీ పేల్చాను. గది నిండా కాగితాలు లేచి, ఒక్కొక్కటీ తనకు తోచినట్టు తిరుగుతూ నేలకు దిగాయి. ఎక్కడా తడబాటు లేదు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

"చూసినవా? పారేస్తే ఏమయ్యేది?" అన్నాను.

"మంచిగున్నది" అని అమ్మ ఒప్పుకుంది. "ఆ కార్డును ఇగ నేను ముట్ట. అది వాడకంల పడ్డది." తర్వాత వంగి డబ్బాను నా కాళ్ల దగ్గరికి జరిపింది. "ఇగ దీంట్ల మిగిలినవాట్ల ఏది వాడకంల ఉన్నదో అది సుత చెప్పు."

డబ్బాలోకి చూశాను. ఫ్యాన్లు, వైర్లు, మదర్‌బోర్డులు, ఒక్కటీ వాడకంలో లేదు. కోపం అమ్మ మీద రాలేదు, నా నోటి మీదే వచ్చింది. ఒక్కటి చూపిస్తే అన్నీ మిగులుతాయని నాకు నేనే అనుకున్నాను, ఆమె ఎప్పుడూ అనలేదు. మైకు మా గేటు దాకా వచ్చేసింది. మోసుకుపోతానన్నది నేనే కాబట్టి డబ్బా ఎత్తుకుని మెట్లు దిగాను.