నల్ల గుర్రాలకు ఎర్ర పిల్ల

నా చిన్నప్పుడు మా పక్కింట్లో గుర్రం ఉండేదంటే మా పిల్లలు ఇప్పటికీ నమ్మరు. కోడేరుకు నాలుగు మైళ్ళ దూరంలో మా ఊరు. పక్కింటి చాచా దగ్గర నిగనిగలాడే నల్ల ఆడగుర్రం ఉండేది. చుట్టుపక్కల ఏ ఊళ్ళో పెళ్ళయినా పెళ్ళికొడుకు దాని మీదే ఊరేగేవాడు. పెళ్ళికొడుకును తప్ప ఇంకెవరినీ చాచా దాని మీద ఎక్కనిచ్చేవాడు కాదు. ఇంకో నల్ల గుర్రం తోడైతే జోడుగుర్రాల బండి కట్టాలని ఆయన ఆశ. అందుకే దాన్ని కోడేరులో ఒక పటేలు సాకుతున్న నల్ల మగగుర్రం దగ్గరికి తీసుకెళ్ళాడు.

పదకొండు నెలలకు పిల్ల పుట్టింది. కాల్చిన ఇటుక రంగులో, తోకతో సహా ఎర్రగా ఉంది.

ఊరు ఊరుకుంటుందా? నల్లదానికీ నల్లదానికీ ఎర్రది ఎలా పుడుతుందని నవ్వులు మొదలయ్యాయి. పటేలు కోడేరు హోటల్ దగ్గర నలుగురిలో అన్న మాట మాత్రం చాచాను చంపేసింది. "గది మా గుర్రం పిల్ల కాదు. సాయిబు అబద్ధం చెప్తుండు" అన్నాడట. జీవితంలో ఒకరి చేత మాట పడని మనిషి చాచా. అన్నం మానేశాడు. చివరికి ఆ పిల్ల కంటి ముందు ఉండకూడదని, పాలైనా మరవక ముందే సంతలో అమ్మేస్తానన్నాడు. నా అరచేతిలో ఉప్పు నాకే పిల్ల అది. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

చాచా కూతురు నాగర్‌కర్నూల్‌లో ఇంటర్ బైపీసీ చదివేది. సెలవులకు వచ్చిన అక్క సంగతంతా విని, నేను అష్టాచెమ్మ ఆడుకునే చింతగింజల్లో రెండు ఇమ్మంది. ఒకవైపు తెల్లగా అరగదీసిన గింజలవి. మర్నాడు పొద్దున్నే చాచాను బతిమాలి, గుర్రాన్నీ పిల్లనూ తోలుకుని కోడేరు బయలుదేరదీసింది. నేనూ వెంటపడ్డాను.

పటేలు ముఖం చిట్లించాడు. అక్క ఆయన్ని పట్టించుకోకుండా అరుగు మీదున్న పటేలు తల్లి పక్కన కూర్చుని గింజలు చూపించింది.

"అవ్వా, ఒక గింజ మీ గుర్రం, ఒకటి మాది. రెండిట్ల నలుపుంది, ఎరుపు గూడ దాగుంది. తెల్లగ గీకిన దిక్కు ఎరుపు అనుకో. ఒక్క నలుపు పైకొచ్చినా పిల్ల నల్లదే. రెండూ తెల్లగ పడితేనే ఎర్రది."

అవ్వ ఉత్సాహంగా వేసింది. నాలుగుసార్లు నలుపే గెలిచింది. అయిదోసారి రెండూ తెల్లగా పడేసరికి ముసలామె చప్పట్లు కొట్టింది.

పటేలుకు ఒళ్ళు మండింది. గోడ మీద తన పెళ్ళి ఫోటో చూపించాడు. "నేనెక్కిన గుర్రమే మా గుర్రం తల్లి. నల్లగ లేదా? మా దాంట్ల ఎరుపు యాడిది?"

ఫోటోలో గుర్రం నిజంగానే నల్లగా ఉంది. అక్క ముఖం పాలిపోయింది. చాచా పలుపు లాగి గుర్రాన్ని వెనక్కి తిప్పాడు. ఇక పిల్ల సంతకే అనుకున్నాను.

అవ్వ మాత్రం పగలబడి నవ్వింది. "ఓరి, గది నలుపు తెలుపు ఫోటో కదరా! నీ పెళ్ళాం ఎర్రచీర గూడ ఫోటోల నల్లగనే ఉంది, చూడు. పెళ్ళినాడు గుర్రం రంగు చూసే సోయి నీకు యాడిది? మల్ల పట్నంల నౌకరికి పోతివి, గుర్రాలన్ని నీ అయ్యనే చూసె. గా గుర్రం మిరపపండు లెక్క ఎర్రగుండె!"

పటేలు ఫోటోకేసి చాలాసేపు చూశాడు. పాపం, చెడ్డవాడు కాదు. లోపలికెళ్ళి బెల్లం తెచ్చి పిల్ల నోటికి అందించాడు. చాచా చెయ్యి పట్టుకుని అదే హోటల్‌కు తీసుకెళ్ళి, "తప్పు నాదే. గీ పిల్ల మా గుర్రందే" అని అందరూ వినేలా చెప్పాడు. చాచా ఏడ్చేశాడు. నేను ఎగిరి గంతేశాను.

తిరిగొచ్చేటప్పుడు ఊరి పొలిమేరలో చాచా ఆగి, అక్కను గుర్రమెక్కమన్నాడు. పెళ్ళికొడుకులు మాత్రమే ఎక్కిన ఆ గుర్రం మీద కూర్చోబెట్టి, తానే పలుపు పట్టుకుని ఊరంతా నడిపించాడు. వెనక ఎర్ర పిల్ల, దాని వెనక నేను. నవ్విన వాళ్ళంతా వాకిళ్ళలో నిలబడి చూశారు. అంత గర్వంగా నేను మళ్ళీ ఎప్పుడూ నడవలేదేమో.

మా రెండో పాప పిల్లికళ్ళతో పుట్టినప్పుడు అత్తవారింట్లో గుసగుసలు లేచాయి. వెనకటి నేనైతే గదిలో పడి ఏడ్చేదాన్నే. ఆ రోజు చాచాను వెంటబెట్టుకుని పటేలు ఇంటికి వెళ్ళిన అక్క గుర్తొచ్చింది. పాపను ఎత్తుకుని, నడవలో మాట్లాడుకుంటున్న వాళ్ళ మధ్యలోంచే వెళ్ళి, ఆ ఇంట్లోకెల్లా పెద్దావిడ ఒళ్ళో పెట్టాను. "ఈ కళ్ళు మీలో ఎవరివి?" అని అడిగాను. ఆమె పాపను వెలుతురుకు తిప్పి చూసింది.

"మా అమ్మవే గదనే" అంది, ముద్దు పెట్టుకుంటూ.