ఏసోబు కూటానికి, జంక్షన్ మీదుగా

ఏసోబు చనిపోయిన సంగతి నాకు పదకొండు రోజులు ఆలస్యంగా తెలిసింది. మా పొలంలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. శనివారం పదకొండింటికి జ్ఞాపకార్థ కూటమని అతని పెద్ద కూతురు ఫోన్ చేసి చెప్పింది. ఆఫీసుకు సెలవు పెట్టి, ఏడింటికి విజయవాడ గవర్నర్‌పేటలో బయలుదేరాను.

ఏడుంబావుకి బస్సు కదిలింది. బెంజ్ సర్కిల్ దాటడానికే ఇరవై నిమిషాలు పట్టింది. పక్క సీటాయన ఒళ్లో విత్తనాల సంచి పెట్టుకుని, ఎక్కడికని అడిగాడు. చెప్పాను.

"మీ చుట్టాలాండీ?"

"కాదండీ. మా పొలంలో చేసేవాడు."

"దానికి సెలవు పెట్టారా!" అని, సంచి సర్దుకుని, "మంచిపనేలెండి" అన్నాడు.

ఎనిమిదీ ముప్పావుకి హనుమాన్ జంక్షన్‌లో దిగి ఇడ్లీ తిన్నాను. వెళ్లేవాళ్లు ఇక్కడే తినడం మంచిది. ఆ తర్వాత మా ఊరిదాకా టీ కొట్టు కూడా లేదు. షేర్ ఆటోలో పదిమందిమి ఎక్కాక, ఇంకో ఇద్దరికి చోటుందన్నాడు డ్రైవరు.

దారంతా పక్కనే కాలువ. నీటి మీద లేచే బుడగ చూసి, కింద ఉన్న చేప కొరమేనో జెల్లో చెప్పేవాడు ఏసోబు. వాన వస్తుంది, కుప్పలు కప్పమనేవాడు. రేడియో ఆ మాట తర్వాత చెప్పేది. ఏనాడూ చెప్పులు తొడగలేదు.

డిగ్రీ సెలవుల్లో ఒక సాయంత్రం మా మడికి నీళ్లు పెట్టి, తూము మూయడం మరిచి సినిమాకి పోయాను. తెల్లారేసరికి పక్క రైతు కొత్తగా చల్లిన నారుమడి మునిగి, మొలక విత్తనమంతా కొట్టుకుపోయింది. అతను మా వాకిట్లో కేకలేస్తుంటే, "నేనే మరిచానండయ్యా" అన్నాడు ఏసోబు. నా వైపు చూడలేదు. ఇంక పనికి రావద్దన్నాడు నాన్న. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు. కోతలయ్యేదాకా అతన్ని పిలవలేదు.

పదింబావుకి ఊరు చేరాను. కూటంలో రెండు పాటలయ్యాక పాస్టరుగారు, "అయ్యగారి అబ్బాయిగారు రెండు మాటలు చెప్తారు" అని మైకు ఇచ్చారు. నాకు యాభై నాలుగేళ్లు. మంచివాడని చెప్పి కూర్చుందామనుకున్నాను. తూము సంగతి బయటికొచ్చేసింది. మైకులో కాబట్టి ఊరంతా విన్నది. పాస్టరుగారు ప్రార్థన అందుకున్నారు.

భోజనాల్లో ఏసోబు భార్య మరియమ్మ నాకు తనే కూర వడ్డించింది.

"ఆ సంగతి నాకు ఆరోజే చెప్పాడు బాబుగారూ."

"కోపం రాలేదా?"

"నాకొచ్చింది. ఆయనకేం, వల భుజానేసుకుని కాలవగట్టునే ఉన్నాడు. రోజూ చేపల కూరే. వాసనొస్తే పిల్లలు పారిపోయేవాళ్లు. మీ నాన్నగారు మళ్లీ కబురెడితే రెండ్రోజులు మొహం మాడ్చుకున్నాడు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"మీరెప్పుడొచ్చినా కాలవదాకా తీసుకెళ్లేవాడు కదా. చెప్తారేమోనని. ఇంటికొచ్చి, ఇవాళా చెప్పలేదే అనేవాడు. ఇంకాస్త అన్నం పెట్టించుకోండి."

పెట్టించుకున్నాను.

మూడింటికి ఆటో, నాలుగున్నరకి జంక్షన్‌లో బస్సు. కిటికీ సీటు దొరికింది. కాలువదాకా ఆ నడకల్లో నేను నా ప్రమోషన్ల గురించి మాట్లాడేవాణ్ణి. అతను నీళ్లవైపు చూస్తూ వినేవాడు.

ఆరింటికి విజయవాడలో దిగాను. ప్రయాణం ఏమాత్రం కష్టం కాదు. గంటన్నర బస్సు, ముప్పావుగంట ఆటో. అతను బతికుండగా ఏ ఆదివారమైనా వెళ్లి రాగలిగిన దూరమే.